పదకొండు వారాల ఆలస్యం

ఆన్‌లైన్ బ్రిడ్జి పోటీలకు డైరెక్టర్లుగా చేరబోతున్నామని ఈమధ్య ఇద్దరు ముగ్గురు యువకులు ఫోన్ చేసి నన్ను సలహా అడిగారు. రూల్సు పుస్తకం మీకు నాకంటే బాగా వచ్చు. కంప్యూటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నా దగ్గర మీకు పనికొచ్చేది ఏదైనా ఉందంటే అది నేను చేసిన ఒక తప్పు. దాన్నే చెబుతాను, వినండి.

ముప్పై నాలుగేళ్లు రైల్వేలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం కంట్రోల్ ఆఫీసులో. బండి నలభై నిమిషాలు ఆలస్యమైతే ఆ నలభై నిమిషాలనూ ఎవరో ఒకరి మెడకు చుట్టడం మా పని. పట్టాల వాళ్లకు ఇరవై, సిగ్నల్ వాళ్లకు పన్నెండు, ఇంజిన్ వాళ్లకు ఎనిమిది. ప్రతి ఉదయం మా పెద్ద ఆఫీసరు ముందు కూర్చుని ఈ పంపకం మీద కొట్టుకునేవాళ్లం. ఒక్క నిమిషం కూడా దిక్కులేకుండా మిగలకూడదు. ఈ అలవాటు ఇంట్లో కూడా ఎంత ముదిరిందంటే, పొద్దున టీ ఆలస్యమైతే గ్యాసు వల్ల ఎంత, పాలవాడి వల్ల ఎంత అని లెక్క తీసేవాణ్ని. మా ఇంటామె ఒకరోజు గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి, "రేపటి సంది నువ్వే పెట్టుకో, ఆలస్యం నీ మీదనే రాసుకో" అంది. అప్పటినుంచి టీ నేనే పెడుతున్నాను.

రిటైరై మంచిర్యాలలో స్థిరపడ్డాక కరోనా వచ్చింది. కరీంనగర్‌లో నేను సభ్యుడిగా ఉన్న క్లబ్బు తలుపులు మూసేసి బ్రిడ్జి ఆటను కంప్యూటర్‌లోకి మార్చింది. రోగం పోయినా ఆట అక్కడే ఉండిపోయింది, ఎందుకంటే ఆదిలాబాద్ నుంచి, కాగజ్‌నగర్ నుంచి కూడా జనం ఇళ్లలో కూర్చునే ఆడుతున్నారు. ఆదివారం పోటీకి ఒక డైరెక్టర్ కావాల్సి వచ్చింది. టైము విషయంలో ఈయనంత మొండివాడు దొరకడని నన్ను పెట్టారు. ఐదేళ్లు చేశాను. అది నా రెండో ఉద్యోగం.

బ్రిడ్జి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. టేబుల్‌కు నలుగురు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. ముందు ఎవరు ఎన్ని పట్లు, అంటే ఎన్ని చుట్ల ముక్కలు, గెలుస్తామో పాట పాడతారు, తర్వాత ముక్కలు ఆడతారు. ఒకసారి ముక్కలు పంచి ఆడితే ఒక పంపకం. మా పోటీలో రెండు పంపకాలకు పదిహేను నిమిషాలు. గడియారం అయిపోగానే అందరూ తర్వాతి టేబుల్‌కు కదలాలి. పూర్తికాని పంపకం ఉంటే డైరెక్టర్ తీర్పు చెప్పాలి. ఎవరి వల్ల ఆలస్యమైందో వాళ్లకు సగటు కంటే తక్కువ మార్కులు, ఎదుటివాళ్లకు ఎక్కువ. అంటే రైల్వేలో ఏళ్ల తరబడి చేసిన పనే. నాకు పండగలా ఉండేది. అన్ని టేబుళ్లూ ఒకే తెరమీద వరసగా కనిపిస్తాయి. వెనకబడిన టేబుల్ పక్కన గడియారం ఎర్రబడుతుంది. ఎర్రబడితే పట్టేయడమే.

ఒక జట్టు గడియారం ప్రతి ఆదివారం ఎర్రబడేది. అందులో ఒకాయన బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌గా రిటైరై సుల్తానాబాద్ దగ్గర సొంత ఊరు చేరినవాడు. ఓవర్‌మన్ అంటే బాయి లోపల ఒక షిఫ్టు మొత్తానికి బాధ్యుడు, మనుషుల ప్రాణాలు ఆయన చేతిలో ఉంటాయి. బాయి క్లబ్బులో ఒకసారి ఆఫీసర్ల ఆటకు నాలుగో మనిషి తక్కువై ఈయన్ని కూర్చోబెట్టారట, అట్లా నేర్చుకున్నాడు. ఆయన జోడీ కరీంనగర్‌లో లెక్కలు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ. ఇద్దరూ ఎప్పుడూ అడుగు నుంచి రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉండేవాళ్లు.

నేను డైరెక్టర్‌గా తెరమీద చిన్న సందేశం పెట్టేవాణ్ని: "దయచేసి త్వరగా." ఆయన నుంచి జవాబు వచ్చేది: "సరే సార్. ఆలస్యమైతుంది, మన్నించాలె. ఇగ జల్ది ఆడుతం." ఈ జవాబు కొట్టడానికే ఇంకో నిమిషం పట్టేది. ఒళ్లు మండేది నాకు. పదకొండు వారాల్లో వాళ్లకు పద్దెనిమిది సార్లు మార్కులు కోశాను. ప్రతిదీ రైల్వే పద్ధతిలో నోట్‌బుక్కులో రాసుకున్నాను: ఫలానా రౌండు, ఓవర్‌మన్ గారి వంతు, నాలుగు నిమిషాలు. ఆయన ఆ నాలుగు నిమిషాలు ఏం చేస్తున్నాడో ఒక్కసారి కూడా రాయలేదు. చూస్తే కదా రాయడానికి.

పన్నెండో వారం రాకముందే క్లబ్బు సెక్రటరీకి ఒక ఫిర్యాదు అందింది. పెట్టినవాడు కరీంనగర్‌లో పేరున్న వకీలు, ఆటలోనూ మొనగాడే. ఓవర్‌మన్ పాట ఒక్కోసారి చిటికెలో పాడతాడు, ఒక్కోసారి నిమిషాలు తీసుకుంటాడు, ఆ ఆలస్యమే టీచరమ్మకు సైగ, చేతిలో పడ్డ ముక్కలు బాగా లేనప్పుడు ఆలస్యం చేసి ఆమెకు చెబుతున్నాడు అని ఆరోపణ. బ్రిడ్జిలో ఇంతకంటే పెద్ద నింద లేదు. రుజువు కావాలి కదా? రుజువుగా సెక్రటరీ నా నోట్‌బుక్కు అడిగాడు.

"శనివారం వీడియోల మీటింగు పెట్టిన. నీ బుక్కు సరిపోతది. ఇద్దర్నీ తీసేసి గ్రూపుల ఒక మాట పెడితే అయిపాయె," అన్నాడు.

నేను సరేనన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ ఫోన్ చేసింది. నమస్కారం కూడా చెప్పలేదు.

"సార్, మమ్మల్ని దొంగలంటున్నరట గద. నా సంగతి ఇడిసిపెట్టున్రి, నాకు ఫికర్ లేదు. ఆయన చర్చిల పెద్దమనిషి. పత్తాలాడుతుండని ఊర్ల ఇప్పటికే నవ్వుతరు. పైసల ఆట కాదు, బుద్ధి ఆట అని పాస్టర్ గారికి సుత నచ్చజెప్పుకున్నడు. ఇప్పుడు పత్తాలల్ల మోసం చేసిండని తీసేసిన్రంటే ఆయన ఆ చర్చిల ఎట్ల నిలబడ్తడు?"

"అమ్మా, నేను టైము రాసిన, అంతే. మోసమని నేనెక్కడ రాయలే," అన్నాను.

"టైమే రాసిన్రు. పదకొండు వారాలల్ల ఒక్కసారన్న మా టేబుల్ కాడికొచ్చి ఆయన ఏం చేస్తుండో చూసిన్రా?"

డైరెక్టర్ కావాలంటే ఏ టేబుల్‌లోకైనా వెళ్లి అన్నీ చూడొచ్చు. నేను గడియారాల తెర ముందునుంచి కదల్లేదు. కంట్రోల్ ఆఫీసులో పనిచేసినవాడికి బండి ఎప్పుడూ చార్టు మీద గీతే, అందులో జనం ఉంటారని గుర్తురాదు. ఆమె ఫోన్ పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది, కొంచెం ఆమె మీద కూడా వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం నాకు డ్యూటీ లేని ప్రాక్టీసు ఆట ఒకటి ఉంటుంది. ఆ రోజు పెద్దపల్లి దాకా రైలెక్కి, అక్కణ్నుంచి బస్సులో సుల్తానాబాద్ దిగి, ఆటో మాట్లాడుకుని ఆయన ఊరు వెళ్లాను. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, ఆటో ఇంకో పక్కనుంచి ఒదిగి ఒదిగి పోయింది. ఓవర్‌మన్ గారు వాకిట్లోనే ఉన్నాడు. పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతి మీద బొగ్గు దిగిన పాత గాయపు నీలి మచ్చ. నేనెవరో చెప్పగానే కంగారుపడి కుర్చీని తువ్వాలతో తుడిచాడు.

"కూసోన్రి సార్, కూసోన్రి. మీరు ఇంత దూరం వచ్చిన్రా? నా వల్లనే గద మీకు ఈ పరేషాన్."

తీర్పు చెప్పేవాడు ఇంటికి వస్తే భయపడతారు, కోప్పడతారు. ఈయన క్షమాపణ అడుగుతున్నాడు. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. ఆట మొదలయ్యే వేళయింది, మీరు ఆడండి, నేను వెనక కూర్చుని చూస్తానన్నాను. దుబాయ్‌లో ఉన్న తమ్ముడు పంపిన ట్యాబ్ తీసి, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు.

ముక్కలు వచ్చాయి. చూశాడు, పది సెకన్లు కూడా ఆలోచించలేదు. ఒక ఇస్పేటు అని పాట నొక్కబోయాడు. నొక్కేముందు పాటకు వివరణ రాసే చిన్న డబ్బా ఒకటి తెరిచాడు. ఆ డబ్బాలో రాసింది ఎదుటి ఇద్దరికే కనిపిస్తుంది, సొంత జోడీకి కనిపించదు. "మా జోడీ ఒప్పందం ప్రకారం ఈ పాటకు అర్థం ఇది" అని రెండు మూడు మాటల్లో చెప్పడానికి ఆ డబ్బా పెట్టారు. ఆయన కుడిచేతి చూపుడువేలుతో, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టాడు. నేను వెనకనుంచి చదివాను.

"సార్, ఇస్పేట్లు ఐదు ఉన్నయి. ఆసు ఉన్నది, రాజు లేదు. ఆఠీన్ల రాణి ఉన్నది గని ఒక్కటే ఉన్నది, దాని మీద నమ్మకం లేదు. కళావర్లు బాగున్నయి. డైమన్లల్ల అనుమానం."

ఈయన తన చేతిలో ఉన్న ముక్కలన్నీ ప్రత్యర్థులకు రాసిస్తున్నాడు.

"గిదేంది సార్, ఏం రాస్తున్రు?" అన్నాను.

"ఎదుటోళ్లకు వివరం ఇస్తున్న సార్. గీ డబ్బల వివరం రాయాలన్నరు గద."

"ఉన్నదంత రాస్తరా?"

"సగం రాస్తే ఎట్ల సార్?" అని నావైపు తిరిగాడు. "బాయిల దిగేముందు అవతలి షిఫ్టు ఓవర్‌మన్ బుక్కుల రాసింది సదివే నేను లోపలికి పోయేది. పైకప్పు మీద కొడితే బోలు సప్పుడు ఎక్కడొస్తుంది, గాలి ఎక్కడ తిరుగుతలేదు, పైకప్పుకు ఆన్చిన ఏ దిమ్మె మీద నమ్మకం లేదు, అంత రాయాలె. అనుమానముంటే అనుమానమని రాయాలె. నేను దాస్తే నా ఎనక దిగినోడు సస్తడు సార్."

"ఈడ ఎవ్వరు సావరు గద."

ఆయన నవ్వాడు. "నిజమే. ఇరవై తొమ్మిదేండ్ల అలవాటు. చెయ్యి ఊకుంటలేదు." మళ్లీ అన్నాడు, "గని సార్, ఒక్కటి సమజైతలేదు. బాయిల సదివినోడు కింద సంతకం పెడ్తడు. ఈడ ఎవ్వరు జవాబు ఇస్తలేరు. నేనే సరిగ రాస్తలేనేమో, వాళ్లకు అర్థమైతలేదేమో అని వారం వారం ఇంకింత వివరంగ రాస్తున్న. అందుకే ఆలస్యమైతుంది."

ఆయనకు పడ్డ ముక్కలు ఎంత క్లిష్టంగా ఉంటే వివరణ అంత పొడుగు, అంత ఆలస్యం. మామూలు ముక్కలైతే రెండు మాటలు రాసి చిటికెలో పాడేవాడు. వకీలు చూసిన సైగ ఇదే. రూలు ఏమిటో నేను మెల్లగా చెప్పాను. ఒప్పందం మాత్రమే చెప్పాలి, చేతిలో ఉన్నది చెప్పకూడదు, చెబితే నష్టం మీకే అని. ఆయన ట్యాబ్ పక్కన పెట్టి కళ్లద్దాలు తీశాడు.

"అంటే ఇన్ని వారాలు అందరు సదివిన్రా సార్?"

"సదివిన్రు."

"ఒక్కరన్న చెప్పకపాయిరి," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. తెలిసినవాళ్ల ఇంటికి వెళ్తే ఎవరూ పలకరించనట్టు ఉంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చదవకుండానే శిక్ష వేసిన నా సంగతి ఆయన అడగలేదు, నేనే చెప్పుకున్నాను. "మీకు మస్తు టేబుళ్లు ఉంటయి సార్," అని నన్నే ఓదార్చాడు.

గురువారం, శుక్రవారం పాత ఆటలన్నీ తెరిచి కూర్చున్నాను. కంప్యూటర్ దేన్నీ పారేయదు, ప్రతి పాట, ప్రతి వివరణ అక్కడే ఉన్నాయి. వకీలు సాబ్‌తో ఆడిన ఒక పంపకం దగ్గర ఆగిపోయాను. ఓవర్‌మన్ రాశాడు: "డైమన్ల రాజు ఒంటిగ ఉన్నది సార్, పడిపోతదేమో." ఎదుటివాళ్ల దగ్గరున్న రాజును పట్టడానికి మామూలుగా ఎవరైనా చిన్న ముక్కతో మొదలుపెట్టి వల వేస్తారు. వకీలు సాబ్ వల జోలికే పోకుండా తిన్నగా ఆసు కొట్టాడు. ఆ రంగులో ఇంకో ముక్క లేక ఒంటి రాజు రాలిపోయింది. ఆ వారం ఆయన మొదటి స్థానం. పాపం, రాజు పట్టుబడినందుకు ఓవర్‌మన్ అదే టేబుల్‌లో "బాగ ఆడిన్రు సార్" అని కూడా రాశాడు.

శనివారం మీటింగులో అందరూ తెరమీద చిన్న చిన్న గళ్లలో కూర్చున్నారు. వకీలు సాబ్ వాదన మొదలుపెట్టే ముందు నేను చదవడానికి అనుమతి అడిగాను. ఒక్కొక్క వివరణ చదివాను. మూడో దానికి టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జోడీ రాసేవి ఆమెకు కనిపించవు కాబట్టి ఇవన్నీ ఆమె మొదటిసారి వింటున్నది. ఎనిమిదో దానికి సెక్రటరీ, "ఇగ చాలు," అన్నాడు. సైగ చేసి దొంగాట ఆడేవాడు తన ముక్కలన్నీ శత్రువుకు ముందే అప్పజెప్పడు కదా. అది చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. డైమన్ రాజు దగ్గరికి వచ్చి వకీలు సాబ్‌ను అడిగాను, వల వేయకుండా ఆసు ఎందుకు కొట్టారని.

ఆయన తెరకు దగ్గరగా జరిగాడు. "రాసిండు, సదివిన. సదువొద్దని ఏ రూల్ల ఉన్నది?"

నిజమే, ఏ రూల్లోనూ లేదు. ఫిర్యాదు కొట్టేశారు. కానీ నేను పద్దెనిమిది సార్లు కోసిన మార్కుల్ని తిరిగి ఇవ్వడానికి గడువు దాటిపోయింది. ఆ పదకొండు వారాల ఆలస్యానికి కారణం డైరెక్టరేనని, అడిగి చూసుంటే మొదటి వారమే తేలిపోయేదని అందరి ముందూ చెప్పాను. జీవితంలో ఎన్ని వేల నిమిషాలను ఇతరుల మీద రాశానో నాకే తెలియదు. నా మీద రాసుకున్నది మాత్రం ఆ ఒక్కసారే. చెప్పాక ఒళ్లు తేలికైంది. అయితే అది చెప్పినంత సులువుగా జరిగిందని అనుకోకండి, రెండుసార్లు మైకు ఆపుకుని మళ్లీ మొదలుపెట్టాను.

ఆదివారం ఆట. ఈసారి గడియారాల తెరను పక్కకు పెట్టి టేబుళ్లు తిరిగాను. ఓవర్‌మన్ డబ్బాలో ఒప్పందంలో ఉన్న "ఐదు ఇస్పేట్లు" లాంటి మాట మాత్రమే రాసి పాడుతున్నాడు. ఏదో దాస్తున్నట్టు ఇబ్బంది పడుతున్నాడని ఒక్కోచోట తెలుస్తూనే ఉంది, రాయబోయి చెరిపేస్తున్నాడు. కానీ వాళ్ల ఆట ప్రతి రౌండులోనూ మూడు నాలుగు నిమిషాలు ముందే అయిపోయింది. ఎదుటివాళ్లకు ఆయన ముక్కలు కనిపించడం మానేశాయి కాబట్టి మార్కులు కూడా పెరిగాయి. ఏడో రౌండు అయ్యేసరికి నాలుగో స్థానంలో ఉన్నారు. టీచరమ్మ అయితే ముక్కల్ని ఝాడించి కొడుతున్నట్టే ఆడింది.

ఆఖరి రౌండు వకీలు సాబ్‌తో పడింది.

చివరి పంపకంలో వకీలు సాబ్ పాట గెలిచి ఆట నడపాలి. మొత్తం ఒక రాజు మీద ఆధారపడింది. ఆ రాజు ఓవర్‌మన్ దగ్గరుందా, టీచరమ్మ దగ్గరుందా? కుడివైపు నుంచి పట్టాలా, ఎడమవైపు నుంచా? వకీలు సాబ్ ఆగాడు. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. వాళ్ల టేబుల్ పక్కన గడియారం ఎర్రబడింది. ఇంకో నిమిషంలో సమయం అయిపోతే నేను ఆయనకు మార్కులు కోసి, ఓవర్‌మన్ జట్టుకు ఎక్కువ ఇవ్వాలి. అలా ఇస్తే వాళ్లు మూడో స్థానానికి ఎక్కుతారు. నిజం చెప్పాలంటే నా వేలు అప్పటికే మార్కులు కోసే మీట మీద ఉంది, మనసులో ఒక సంతోషం కూడా ఉంది.

అప్పుడు ఆ టేబుల్ నుంచి డైరెక్టర్‌ను పిలుస్తున్న గంట మోగింది. పిలిచినవాడు ఓవర్‌మన్. మార్కులు కోయమనే అడుగుతాడు, ఎందుకు అడగడు, పద్దెనిమిది సార్లు పడ్డవాడు అనుకుంటూ లోపలికి వెళ్లాను. ఆయన అప్పటికే కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం వచ్చి తెరమీద పడింది.

"సార్, వకీల్ సాబ్ సోంచాయిస్తుండు. జర టైం ఇయ్యున్రి. తొందరల ఆడితే మనిషి తప్పు చేస్తడు."

గడియారానికి నిమిషాలు కలిపే మీట డైరెక్టర్ దగ్గర ఉంటుంది. నేను దాన్ని ఎన్నడూ ముట్టలేదు. ఆ రోజు మూడు నిమిషాలు కలిపాను. ఆట పూర్తయ్యేదాకా పక్క టేబుళ్లవాళ్లు నన్ను గ్రూపులో తిట్టుకున్నారు, తిట్టుకోనీ అనుకున్నాను.

వకీలు సాబ్ ఇంకా రెండు నిమిషాలు ఆలోచించి ఎడమవైపు నుంచి పట్టాడు. రాజు దొరికింది, ఆట గెలిచాడు. ఓవర్‌మన్ జట్టు నాలుగు నుంచి ఆరుకు జారింది. అలవాటు ప్రకారం ఆయన "బాగ ఆడిన్రు సార్" అని రాశాడు. వకీలు సాబ్ వెళ్లిపోయాడేమో అనుకున్నాను. తర్వాత, టేబుల్‌లో ఉన్న నలుగురికీ, నాకూ కనపడేలా వకీలు సాబ్ ఒక వాక్యం పెట్టాడు.

"రాజు ఎక్కడున్నదో ఈసారి నాకు తెల్వకపాయె. అందుకే ఇంత సేపైంది, మాఫ్ చెయ్యున్రి."

ఓవర్‌మన్ వేలు మళ్లీ అక్షరాల కోసం వెతుకుతూ ఉండాలి, సగం నిమిషం పట్టింది.

"అడిగితే చెప్పేటోణ్ణి గద సార్."